కట్లపాము కాటు, కదలని రోగి, కనిపెట్టుకున్న నర్సు: ఒక క్యాజువాల్టీ కేస్ స్టడీ

ఇది ఒక జిల్లా స్థాయి ఆసుపత్రి ఎమర్జెన్సీలో జరిగిన కేసు. రోగి, అతని తల్లి, స్టాఫ్ నర్సు ముగ్గురి అనుమతితో రాస్తున్నాం. ఊరు, ఆసుపత్రి, తేదీలు తీసేశాం, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాం. కట్లపాము కాటు మన దగ్గర అరుదేమీ కాదు, వైద్యం కూడా పుస్తకాల్లో ఉన్నదే. అయినా ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో రెండు చోట్ల రోగి ప్రాణం నిలిచింది ఒక నర్సు అతన్ని మనిషిగా చూడటం వల్ల. ఆ చూపు ఎలా పనిచేసిందో గంటలవారీగా చెప్పకపోతే, ఆమెను "సేవామూర్తి" అని పొగిడి ఊరుకుంటాం. అప్పుడు ఆమె చేసిన పని ఎవరికీ అర్థం కాదు.

నేపథ్యం

పాతికేళ్ళ లోపు యువకుడు, పత్తి చేలలో కూలి పని. బరువు 58 కిలోలు. అంతకుముందు ఏ జబ్బూ లేదు. ఆగస్టు, ముసురు పట్టిన రోజులు. తెల్లవారుజామున 3 గంటలకు కడుపునొప్పితో లేచాడు, రెండు వాంతులయ్యాయి. 5:10కి అన్న బండి మీద క్యాజువాల్టీకి తీసుకొచ్చాడు.

పల్స్ 112, బీపీ 150/96, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 98, జ్వరం లేదు. పొట్ట మెత్తగా ఉంది, ఎక్కడ నొక్కినా ప్రత్యేకంగా నొప్పి లేదు. ఈసీజీ బాగానే ఉంది. రాత్రి మటన్ తిన్నానన్నాడు. డ్యూటీ డాక్టరు కేస్ షీట్‌లో "అక్యూట్ గ్యాస్ట్రైటిస్" (కడుపు లోపలి పొర వాపు) అని రాసి పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు, ఒండాన్‌సెట్రాన్ 4 మిల్లీగ్రాములు, కడుపునొప్పికి డైసైక్లోమిన్ 20 మిల్లీగ్రాముల ఇంజక్షన్లు, ఒక సెలైన్ పెట్టించారు. ఆ సమయానికి కనిపించిన లక్షణాలకు ఇది తప్పు అంచనా అనలేం. అయితే రెండు విషయాలు అతకలేదు. కడుపు అంత నొప్పిగా ఉన్నవాడి పొట్ట మెత్తగా ఉంది. పాతికేళ్ళు నిండనివాడికి బీపీ 150 ఉంది. "నొప్పికి పెరిగింది" అనుకుని వదిలేశారు. కట్లపాము విషం మొదట చూపించే ముఖాల్లో ఇది ఒకటి: కడుపునొప్పి, వాంతి, పెరిగిన పల్స్, పెరిగిన బీపీ.

మొదటి మలుపు: చాప మీదనా, మంచం మీదనా

5:50కి నైట్ డ్యూటీ సిస్టర్ సెలైన్ చుక్కలు సరిచేయడానికి వచ్చింది. అప్పటికి ఆమె చేతిలో 14 మంచాలు ఉన్నాయి. చుక్కలు సరిచేసి వెళ్ళిపోవచ్చు. ఆమె మంచం పక్కన వంగి, "ఎట్లున్నది బిడ్డా నొప్పి?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగింది.

ఆ జవాబు కోసం ఆగిన అర నిమిషంలో మూడు విషయాలు ఆమె కంటపడ్డాయి. అతను ఆమె వైపు చూడటానికి గడ్డం పైకెత్తాడు. నుదుటి మీద ముడతలు పడ్డాయి, రెప్పలు మాత్రం సగమే లేచాయి. నిద్రమత్తులో ఉన్నవాడు గడ్డం ఎత్తడు, రెప్పలు వాలినవాడే వాటి కింది సందులోంచి చూడటానికి తల వెనక్కి వంచుతాడు. రెండోది, మాట ముక్కుతో వస్తోంది. మూడోది, ఉమ్మి మింగకుండా ట్రేలోకి వదులుతున్నాడు. వాంతి వస్తున్నట్టు ఉందేమో అని అన్న అన్నాడు. సిస్టర్ మూతికి స్పూన్‌తో కొంచెం నీళ్ళు అందించబోయి ఆపేసింది. మింగలేనివాడికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

"రాత్రి యాడ పండుకున్నవ్ బిడ్డా?"

"ఇంట్లనే."

"మంచం మీదనా, కిందనా?"

"కింద. సాప ఏసుకొని."

ఆమె డాక్టరును పిలిచినప్పుడు "పాము కాటు" అనలేదు. "రెప్పలు లేస్తలేవు సార్, మాట ముక్కులకెళ్లి వస్తున్నది, ఉమ్మి మింగుతలేడు, రాత్రి కింద పండుకున్నడట" అని నాలుగు ముక్కలు చెప్పింది. ఈ పద్ధతి ఎవరైనా నేర్చుకోదగ్గది. రోగనిర్ధారణ చెబితే డాక్టరు దాన్ని ఒప్పుకోవడమో కాదనడమో చేస్తాడు. కళ్ళారా చూసింది చెబితే లేచి వచ్చి చూడక తప్పదు.

పరీక్షించాం. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే 11 దగ్గర ఆగాడు. దిండు మీంచి తల ఎత్తమంటే రెండు సెకన్లు కూడా నిలపలేకపోయాడు. కనుగుడ్లు పక్కలకు పూర్తిగా తిరగడం లేదు. కంటిపాపలు కొంచెం పెద్దవయ్యాయి. ఇక్కడ డైసైక్లోమిన్ అడ్డం వచ్చింది, అది కూడా పాపలను పెద్దవి చేసి నోరు ఎండగొట్టగలదు. రెప్పలు వాలడం, మెడ నిలవకపోవడం మాత్రం ఆ మందు వల్ల జరగవు. ఒళ్ళంతా వెతికాం. వేళ్ళ సందులు, చెవి వెనక, తలవెంట్రుకల్లో కూడా చూశాం. కాటు గుర్తు ఎక్కడా లేదు, వాపు లేదు, నెత్తురు లేదు.

కాటు గుర్తు లేకుండా పాము మందు

ఇక్కడే ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. పురుగుల మందు అయితే పాపలు సూదిమొనల్లా అవుతాయి, ఒళ్ళంతా చెమట, వాసన ఉంటాయి. అవి లేవు. గులియన్ బారే (నరాలు దెబ్బతిని పక్షవాతం వచ్చే జబ్బు) సాధారణంగా కాళ్ళ నుంచి పైకి పాకుతుంది, దానికి రోజులు పడతాయి. పొటాషియం తగ్గి వచ్చే పక్షవాతంలో చేతులు, కాళ్ళు ముందు పడిపోతాయి, రెప్పలు వాలడం అరుదు. ఇతనికి పైనుంచి కిందికి, గంటల్లో దిగుతోంది.

కట్లపాము రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్ళను నిద్రలోనే కరుస్తుంది. కోరలు చాలా చిన్నవి, నొప్పి దాదాపు ఉండదు, వాపు రాదు. దోమ కుట్టిందనుకుని గీరుకుని మళ్ళీ పడుకున్నవాళ్ళు ఉంటారు. అందుకే నేల మీద పడుకున్నవాడికి తెల్లారేసరికి రెప్పలు వాలి మాట మారితే, కాటు కనబడకపోయినా అది కట్లపామేనన్న లెక్కన నడవాలి. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాము కాటుకు ఏటా సగటున 58,000 మంది చనిపోయారని అంచనా. వాటిలో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. అలాంటి చోట కాటు గుర్తు కనిపించేదాకా ఆగడం న్యాయం కాదు.

కొత్త, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచాం. ప్లాస్టిక్ గొట్టంలో గానీ, సబ్బుతో కడిగిన గొట్టంలో గానీ ఈ పరీక్ష చెల్లదు. గడ్డ కట్టింది. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు, అంటే ఇది రక్తపింజర అయ్యే అవకాశం తక్కువ. అయితే ఈ ఫలితం కోసం పాము మందు ఆపలేదు, ఆ 20 నిమిషాల్లోనే కలపడం మొదలైంది.

పాము మందు, అంటే విషానికి విరుగుడు, 10 వయల్స్ (చిన్న సీసాలు). ఒక్కో వయల్‌లో 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి, అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి. తొందరపడి ఊపితే నురగ లేస్తుంది, మందు నురగలోనే ఉండిపోతుంది. పది వయల్స్ ఒక్కరే కలిపితే ఆలస్యమవుతుంది కాబట్టి ఇద్దరు కూర్చున్నారు. టెస్ట్ డోస్ ఇవ్వలేదు. దానివల్ల రియాక్షన్ వస్తుందో రాదో తెలియదు, సమయం మాత్రం పోతుంది. ముందుగా అడ్రినలిన్ 0.25 మిల్లీలీటర్లు చర్మం కింద ఇచ్చి, 6:25కి డ్రిప్ మొదలుపెట్టాం. 6:45కి వణుకు, ఛాతీ మీద దద్దుర్లు. డ్రిప్ ఆపి, అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు తొడ కండరంలోకి ఇచ్చాం. తగ్గాక 7:05కి మెల్లగా మళ్ళీ మొదలుపెట్టాం. 7:40కి శాచురేషన్ 91, లెక్క 5 దగ్గర ఆగింది, గొంతులో లాలాజలం గుడగుడలాడుతోంది. మత్తుకు మిడజోలమ్ 2 మిల్లీగ్రాములు ఇచ్చి, వెంటిలేటర్ కోసం గొంతులోంచి ఊపిరి ట్యూబు వేశాం. కండరాలు సడలించే మందు అవసరమే రాలేదు, విషమే ఆ పని చేసేసింది.

పని చేయనివి

అట్రోపిన్ 0.6 మిల్లీగ్రాములతో కలిపి, నరం నుంచి కండరానికి అందే సంకేతాన్ని బలపరిచే నియోస్టిగ్మిన్ 1.5 మిల్లీగ్రాములు మూడు సార్లు ఇచ్చి చూశాం. రెప్ప ఒక మిల్లీమీటరు కూడా లేవలేదు, ఆపేశాం. నాగుపాము విషం ఎక్కువగా కండరం వైపు తాళం వేస్తుంది, అక్కడ ఈ మందు ఉపయోగపడుతుంది. కట్లపాము విషంలోని బీటా బంగరోటాక్సిన్ నరం చివరనే పాడు చేస్తుంది. సంకేతం పంపేవాడే లేనప్పుడు నియోస్టిగ్మిన్ ఏం చేస్తుంది? 9 గంటలకు రెండో విడత 10 వయల్స్ ఇచ్చాం, మార్పు లేదు. ఆపైన ఇవ్వలేదు. నరంలోకి చేరిన విషాన్ని మందు బయటికి లాగలేదు, నరాల చివర్లు మళ్ళీ మొలిచేదాకా ఊపిరి మనం పోయాలి. మిగిలిన వయల్స్ తర్వాతి రోగికి కావాలి.

అసలు వైఫల్యం వేరే ఉంది. ట్యూబు వేసేటప్పుడు ఇచ్చిన మిడజోలమ్ తర్వాత సెడేషన్ (మత్తు మందు) డ్రిప్ ఎవరూ పెట్టలేదు. 8 గంటలకు షిఫ్టు మారింది. రోగి కదలడం లేదు, ట్యూబును కొరకడం లేదు, వెంటిలేటర్‌తో పోరాడటం లేదు. "శాంతంగా ఉన్నాడు" అన్నట్టు కనిపించాడు. సెడేషన్ సరిపోయిందా లేదా అని చూసే స్కోర్లన్నీ కదలిక మీద ఆధారపడ్డవే. కదలలేనివాడికి ఆ స్కోర్లు ఏమీ చెప్పవు. అంటే పూర్తి స్పృహలో ఉన్న మనిషి గొంతులో గొట్టంతో, కళ్ళు తెరవలేక, వేలు కదపలేక 13 గంటలు పడి ఉన్నాడు.

సాయంత్రం 4:30కి మరో డాక్టరు చూశారు. పాపలు 6 మిల్లీమీటర్లు, లైటుకు కదలిక లేదు. కనుగుడ్డును తాకినా, సక్షన్ (గొంతులోని కళ్ళె లాగే గొట్టం) పెట్టినా స్పందన లేదు. షీట్‌లో "బ్రెయిన్ డెడ్?" అని ప్రశ్నార్థకంతో రాసి, మంచం పక్కనే నిలబడి అన్నకు "ఆశ పెట్టుకోవద్దు" అని చెప్పారు. అన్న అక్కడే నిలబడి బండి మాట్లాడాడు. సొంత బాధ్యత మీద తీసుకెళ్తామని సంతకం పెట్టే కాగితం కూడా సిద్ధమైంది.

ఆ ప్రశ్నార్థకం వైద్యపరంగా తప్పు, చట్టపరంగానూ తప్పు. 1994 అవయవ మార్పిడి చట్టం కింద బ్రెయిన్ డెత్ నిర్ధారించాలంటే డాక్టర్ల బృందం కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. అంతకంటే ముందు, కోమాను పోలిన స్థితి తెచ్చే మందులు, విషాలు, కండరాల పక్షవాతం లేవని తేల్చుకోవాలి. కట్లపాము కాటు సరిగ్గా అలాంటి స్థితినే తెస్తుంది. పాప కండరం కూడా పక్షవాతానికి గురవుతుంది. పాప కదలకపోతే మెదడు పోయినట్టు కాదు.

రెండో మలుపు: రాత్రి 8 గంటలు

సిస్టర్ మళ్ళీ నైట్ డ్యూటీకి వచ్చింది. హ్యాండోవర్‌లో "ఆ పాము కేసు అయిపోయినట్టే, ఇంటికి తీస్కపోతరట" అని విన్నది. చార్జ్ తీసుకున్నాక ఆమె నేరుగా ఆ మంచం దగ్గరికి వెళ్ళి చేసిన మొదటి పని మానిటర్ చూడటం కాదు. అతని చెవి దగ్గర వంగి, తాను ఎవరో, ఇప్పుడు రాత్రి ఎన్నైందో, అతను ఎక్కడున్నాడో, ఎందుకు కదలలేకపోతున్నాడో చెప్పింది. "నీకు కట్లపాము కరిచింది బిడ్డా. చేతులు కాళ్ళు పోలే, విషం పట్టి ఉంచింది. అది వదుల్తది. ఈ మిషిని నీకు ఊపిరి పోస్తున్నది. నేను పొద్దుగాలదాంక ఈడనే ఉంట."

తర్వాత సక్షన్ చేసింది. పల్స్ 96 నుంచి 128కి ఎగిరింది, బీపీ 166 దాటింది, కంటి కొనల్లోంచి నీళ్ళు కారాయి. అప్పుడు ఆమె రోగికి నొప్పి తెలుస్తోందని, సెడేషన్ కావాలని డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసింది. బయట బండి ఆగి ఉంది కాబట్టి అన్నతో, "పది నిమిషాలు ఆగున్రి, డాక్టరు సారు వచ్చి మాట్లాడుతరు" అన్నది. తల్లిని లోపలికి పిలిచి కొడుకు చెయ్యి పట్టుకుని మాట్లాడమంది. అమ్మ గొంతుకు పల్స్ 98 నుంచి 117కి వెళ్ళింది. ఆగితే తగ్గింది. మళ్ళీ చేయించింది. మూడోసారి తల్లికి బదులు వార్డు బాయ్‌తో మాట్లాడించింది, ఈసారి పెద్దగా మారలేదు.

దీన్ని ఎంతవరకు నమ్మాలి అన్నది నిజాయితీగా చెప్పుకోవాలి. కట్లపాము విషం పల్స్‌ను, బీపీని తనంతట తానే ఎగరేస్తుంది. మూడుసార్లు చూసిన అంకెలతో స్పృహ ఉందని రుజువు కాదు. అయినా రుజువు చేయాల్సిన భారం అటువైపు ఉండాలి. కట్లపాము కాటు అని తెలిసినప్పుడు, వినపడుతోందనే అనుకుని నడవాలి. అది తప్పయితే పోయేదేమీ లేదు. వినపడదనుకుని నడిచి అది తప్పయితే ఒక మనిషిని బతికుండగానే బండెక్కిస్తాం. డ్యూటీ డాక్టరు వచ్చి ఆ ప్రశ్నార్థకాన్ని కొట్టేసి, తేదీ, సమయం వేసి సంతకం పెట్టారు. కుటుంబానికి కారిడార్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ట్యూబు ఎన్ని రోజులు ఉండొచ్చో చెప్పారు. కాగితం చింపేశారు.

పని చేసినవి

8:50కి మిడజోలమ్ గంటకు 2 మిల్లీగ్రాములు, నొప్పికి ఫెంటానిల్ గంటకు 50 మైక్రోగ్రాములు మొదలయ్యాయి. గంటలో పల్స్ 88కి దిగింది. పొటాషియం 2.9 ఉంటే గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లు మించకుండా సరిచేశాం. వెంటిలేటర్‌లో ఒక్కో ఊపిరికి 400 మిల్లీలీటర్లు, తల వైపు 30 డిగ్రీల ఎత్తు, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం. ఇవన్నీ ఎక్కడైనా చేసేవే. ఎక్కడైనా చేయనివి మాత్రం సిస్టర్ కలిపినవి.

ప్రతి పనికీ ముందు చెప్పడం: "ఇప్పుడు గొంతు శుభ్రం చేస్త, పదంకెలు లెక్కపెట్టే లోపల అయిపోతది." సక్షన్ 10 సెకన్లు దాటకూడదన్న నియమాన్ని ఆమె రోగికి ఇచ్చిన మాటగా మార్చింది. మాట ఇచ్చాక దాటడం కుదరదు.

కళ్ళు. రెప్పలు వాలినా పూర్తిగా మూసుకోవు, సందు ఉంటుంది, ఫ్యాను గాలికి కనుగుడ్డు ఎండి పుండు పడుతుంది. నాలుగు గంటలకోసారి ఆయింట్‌మెంట్, రాత్రి మైక్రోపోర్ టేపుతో మూయడం. దీనితో పాటు ఆమె రోజుకు రెండుసార్లు, తల్లి వచ్చినప్పుడు, బొటనవేలితో అతని రెప్పను మెల్లగా పైకి ఎత్తి పట్టుకునేది, తల్లి ముఖం అతని చూపుకు ఎదురుగా వచ్చేట్టు. అలా ఎత్తే ముందు మంచం పైనున్న ట్యూబ్‌లైట్ ఆపేసేది. పాపలు విప్పారిన కంటికి ఆ వెలుతురు భరించలేనిది. లైటు ఆపాలన్నది ఏ ప్రొటోకాల్‌లోనూ రాసి లేదు. ఆ కంటితో తాను చూస్తున్నట్టు ఊహించుకుంటేనే తోస్తుంది.

మూడో రోజు సెడేషన్ కొంచెం తగ్గించాం. ఎక్కడ కదలిక ముందు వస్తుందో తెలియదు కాబట్టి ఆమె నుదురు, వేళ్ళు, కాలి వేళ్ళు వరుసగా ఒక్కోటి అడుగుతూ పోయింది. కుడి కాలి బొటనవేలు కదిలింది. ఒకసారి కదిపితే అవును, రెండుసార్లు కదిపితే కాదు. మొదటి ప్రశ్న "నొప్పి ఉన్నదా?" అవును. తల? కాదు. గొంతు? కాదు. చెవి? అవును. ట్యూబు కట్టిన తాడు చెవి పైభాగాన్ని మడిచి నొక్కేసింది, మడత లోపల చర్మం లేచిపోయి ఉంది. రోజుకు నాలుగుసార్లు అందరం చూస్తున్న ముఖం అది. తాడు మార్చి కింద దూది పెట్టారు.

ఐదో రోజు రెప్పలు సగం లేచాయి. ఆరో రోజు తల ఎత్తి ఐదు సెకన్లు నిలిపాడు, దగ్గు బలంగా వచ్చింది. ఏడో రోజు టీ-పీస్ మీద, అంటే వెంటిలేటర్ సాయం లేకుండా సొంత ఊపిరితో, రెండు గంటలు నిలిచాక ట్యూబు తీశాం. పదకొండో రోజు ఇంటికి వెళ్ళాడు.

ఈ కేసు తర్వాత మార్చినవి

ట్యూబు తీశాక అతను చెప్పిన మొదటి విషయాల్లో ఒకటి: "బండికి ఎంతని మా అన్న అడిగిండు. నేను ఇంటున్న." ఆ సాయంత్రం మంచం పక్కన మాట్లాడినదంతా అతనికి గుర్తుంది. తర్వాత నెలరోజులు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచేవాడు, సైకియాట్రీ ఓపీకి పంపాల్సి వచ్చింది. దీన్ని డిశ్చార్జ్ రోజే అడిగి తెలుసుకోవాల్సింది, రివ్యూలో తల్లి చెప్పేదాకా మేం అడగలేదు.

పాము కాటుతో ట్యూబు వేసిన ప్రతి రోగి మంచానికి ఇప్పుడు ఒక కార్డు తగిలిస్తున్నాం: "ఇతను వింటున్నాడు." కింద మూడు గడులు: సెడేషన్ నడుస్తోందా, ఎన్ని గంటలకు చూశారు, ఎవరు చూశారు. షిఫ్టు మారేటప్పుడు ఆ గడులు చదివి వినిపించాకే హ్యాండోవర్ అయినట్టు. కడుపునొప్పితో తెల్లవారుజామున వచ్చే ప్రతి ఒక్కరినీ ఎక్కడ పడుకున్నారో అడగడం ట్రయాజ్ పేపర్లో (రోగి రాగానే పరిస్థితి ఎంత తీవ్రమో రాసే కాగితంలో) చేర్చాం. ఆ ప్రశ్నకు పట్టేది ఐదు సెకన్లు.

ఆమెకు ప్రశంసాపత్రం ఇవ్వాలన్నప్పుడు మొదట వచ్చిన ముసాయిదా "అంకితభావంతో, నిస్వార్థంగా" అని మొదలైంది. దాన్ని పక్కనపెట్టి ఇలా రాశాం: "5:50కి రెప్పలు, మాట, మింగడంలో తేడా గమనించి తెలిపారు. రాత్రి 8 గంటలకు సెడేషన్ లేదని గుర్తించారు. మూడో రోజు సంకేత భాష ఏర్పరచి, ఎవరూ చూడని పుండును కనుక్కున్నారు." సర్వీసు రికార్డులోకి ఇది వెళ్ళింది. మే 12న, నర్సుల దినోత్సవం నాడు, పూలదండ వేసి ఫొటో తీసుకోవడం తప్పని కాదు. కానీ ఆ పత్రంతో పాటు రాత్రి షిఫ్టుకు ఇంకో నర్సు కావాలని పంపిన లేఖకే ఎక్కువ విలువ. 14 మంచాలు చూస్తూ ఒక రోగి జవాబు కోసం ఆగడం ఆమెకు ఆ రాత్రి సాధ్యమైంది. ప్రతి రాత్రీ, ప్రతి నర్సుకూ అది సాధ్యపడాలంటే మంచి మనసు ఒక్కటే చాలదు, సమయం కావాలి.

మూడో రివ్యూకు అతను తల్లితో వచ్చి క్యాజువాల్టీ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సిస్టర్ ఎవరో అతనికి ముఖం సరిగ్గా తెలియదు. కళ్ళు పూర్తిగా తెరుచుకున్న రోజుల్లో ఆమెకు వీక్లీ ఆఫ్, ఆ తర్వాత వేరే వార్డు డ్యూటీ. లోపల ఎవరో ముసలాయనను ఆమె "లే బిడ్డా, కొంచెం పక్కకు తిరుగు" అంటుండగా విని, నేరుగా ఆ గొంతు వైపు నడిచాడు. ఆమె చేతిలో ట్రే కింద పెట్టి, అతన్ని పైనుంచి కిందిదాకా చూసి అడిగింది:

"ఇప్పుడు యాడ పండుకుంటున్నవ్?"

"నవారు మంచం కొన్నం. దోమతెర పరుపు కిందికి దోపుతున్న."

"మరి అమ్మ?"

అతను తల్లి వైపు చూశాడు. ఆమె ఇంకా చాప మీదే పడుకుంటోంది.